డీఓ పట్టా చేతబట్టబోతున్న బిడ్డకు

బిడ్డా,

నీవు డీఓ, అంటే ఆస్టియోపతి వైద్య పట్టా, అందుకోబోతున్నావు. చర్మవైద్యమో, ఎముకల శస్త్రచికిత్సో, న్యూరోసర్జరీయో నీ జీవితపు పని కావాలని సంకల్పించుకున్నావు. అమెరికాలో పట్టా తరువాత శిక్షణ పొందే రెసిడెన్సీ స్థానాల్లో అతి దుర్లభమైనవి అవే. ఆ ద్వారం అందరికీ ఇరుకే, నీకు ఇంకొంచెం ఇరుకు. నిన్ను ఓదార్చడానికి ఇది రాయడం లేదు. ఓదార్చేవాళ్ళు నీ చుట్టూ చాలామంది ఉంటారు, భయపెట్టేవాళ్ళు అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఈ రెండు తెగలవాళ్ళూ అడగని ప్రశ్న ఒకటి నిన్ను అడగాలి.

ఆ కోరిక నీలో ఎక్కడ పుట్టింది? ఒళ్ళంతా పొలుసులు రేగి, నలుగురిలోకి రాలేక ఇంట్లో దాక్కున్న రోగిని చూసినప్పుడు పుట్టిందా? లేక ‘డీఓనా? ఎండీలో సీటు రాలేదా?’ అని ఎవరో అడిగినప్పుడు పుట్టిందా? రోగిని చూసి పుట్టిన కోరిక నిన్ను ముసలితనం దాకా మోస్తుంది. ఆ ప్రశ్న విని పుట్టినదైతే, కోరిన స్థానం దక్కిన మర్నాడే ఇంకో మెట్టు వెతుక్కుంటుంది. పేరున్న ఆసుపత్రిలో ఫెలోషిప్పు అంటుంది, ఆ తరువాత మరొకటేదో అంటుంది. సిగ్గును సారథిగా పెట్టుకున్నవాడు ఎంత దూరం పోయినా చేరడు.

ముందు యథార్థం విను. రెసిడెన్సీ స్థానాలను అభ్యర్థులకు జతకట్టే పద్ధతిని మ్యాచ్ అంటారు. ఒకప్పుడు డీఓలకు వేరే మ్యాచ్ ఉండేది, వేరే రెసిడెన్సీలు ఉండేవి. 2015లో మొదలైన ఏకీకరణ 2020 జూన్ చివరికి పూర్తయింది. అప్పటినుంచి ఎండీలూ డీఓలూ ఒకే గుర్తింపు వ్యవస్థ కింద, ఒకే మ్యాచ్‌లో పోటీ పడుతున్నారు. 2024 మార్చి మ్యాచ్‌లో ఎండీ చివరి ఏడాది విద్యార్థుల్లో 93.5 శాతానికీ, డీఓ విద్యార్థుల్లో 92.3 శాతానికీ స్థానాలు దొరికాయి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి, తేడా తుడిచిపెట్టుకుపోయిందని చెప్పేవారున్నారు. ఆ మాట సగమే నిజం. ఆ మొత్తంలో ఫ్యామిలీ మెడిసిన్, ఇంటర్నల్ మెడిసిన్, పిల్లల వైద్యం అన్నీ కలిసి ఉన్నాయి. న్యూరోసర్జరీ, ప్లాస్టిక్ సర్జరీ, చర్మవైద్యం వంటివి విడదీసి చూస్తే ఆ సమానత్వం కనిపించదు. పైగా, వేరే మ్యాచ్ ఉన్న రోజుల్లో డీఓలకే దక్కిన ఆర్థోపెడిక్స్, డెర్మటాలజీ స్థానాలకు ఇప్పుడు ఎండీలూ దరఖాస్తు చేస్తారు. పెద్ద తలుపు ఒకటి తెరుచుకున్నప్పుడు చిన్న తలుపు ఒకటి మూసుకుంది. ఇది తెలిసి బయలుదేరు. తెలియకుండా బయలుదేరినవాడు మధ్యదారిలో లోకాన్ని తిడుతూ కూర్చుంటాడు.

నీ విద్యకు మూలపురుషుడైన ఆండ్రూ టేలర్ స్టిల్ చరిత్రను పరీక్ష కోసం చదివి ఉంటావు. పరీక్ష లేనప్పుడు మరోసారి చదువు. 1864లో మెనింజైటిస్ ఆయన ముగ్గురు బిడ్డలను పొట్టనబెట్టుకుంది. తాను వైద్యుడై ఉండి కూడా కాపాడుకోలేకపోయాడు. ఆ దుఃఖాన్ని పదేళ్ళు మథించి, 1874లో ఆస్టియోపతి అనే తన కొత్త మార్గాన్ని ప్రకటించాడు. 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్ అనే చిన్న ఊళ్ళో కళాశాల పెట్టాడు. మొదటి తరగతిలోనే స్త్రీలను చేర్చుకున్నాడు. రాష్ట్రం ఇచ్చిన అధికారపత్రం ప్రకారం ఎండీ పట్టా ఇచ్చే వీలున్నా, ఆ పేరు వద్దనుకుని డీఓ అన్నాడు. నీవు ఇవాళ తెల్లకోటు మీద చేయి అడ్డం పెట్టి దాచుకుంటున్న అక్షరాలు అలా ఒక మనిషి తెలిసి, కోరి ఎంచుకున్నవి. ఆయన చెప్పినవన్నీ నిలిచాయని నేననను. మందుల మీద ఆయనకున్న ద్వేషాన్ని ఆయన శిష్యులే విడిచిపెట్టారు, మంచిపని చేశారు.

1910లో అబ్రహాం ఫ్లెక్స్‌నర్ అమెరికాలోని వైద్య కళాశాలలన్నిటినీ పరిశీలించి నివేదిక రాసినప్పుడు ఆస్టియోపతి కళాశాలలనూ వదల్లేదు. ప్రయోగశాలలు చాలవనీ, ఆసుపత్రి శిక్షణ చాలదనీ తూర్పారబట్టాడు. ఆ నిందలో న్యాయముంది. ఆ కళాశాలలు దశాబ్దాల శ్రమతో ఆ లోటు పూడ్చుకున్నాయి గనుకనే నీవు ఈనాడు ఆపరేషన్ థియేటర్‌లో నిలబడగలుగుతున్నావు. డీఓలు న్యాయంలేని నిందలూ పడ్డారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో సైన్యం డీఓలను వైద్యాధికారులుగా తీసుకోలేదు. ఎండీలు యుద్ధానికి వెళ్ళగా, ఊళ్ళలో మిగిలిన రోగులను వీళ్ళు చూసుకున్నారు. 1966లో రక్షణశాఖ వాళ్ళకు తలుపు తెరిచింది. అది జరిగిన 30 ఏళ్ళకు, 1996లో, రొనాల్డ్ బ్లాంక్ అనే డీఓ ఆ సైన్యానికే సర్జన్ జనరల్ అయ్యాడు. ఈ రెండు కథలూ కలిపి గుర్తుపెట్టుకో. నింద పడ్డప్పుడు ముందు అది న్యాయమా కాదా అని చూడు. న్యాయమైతే దిద్దుకో. కాకపోతే పని చేస్తూ పో.

మరొక ఘట్టం ఉంది. దాన్ని తలచుకున్నప్పుడల్లా నా మనసు తేలిగ్గా తీర్పు చెప్పలేదు. 1962లో కాలిఫోర్నియాలో అక్కడి డీఓల సంఘం, ఎండీల సంఘం ఒప్పందం కుదుర్చుకుని కలిసిపోయాయి. 65 డాలర్లు కట్టిన డీఓకు ఎండీ పట్టా ఇచ్చారు. రెండువేల మందికి పైగా తీసుకున్నారు. ముందురోజు సాయంత్రం చూసిన రోగినే మర్నాడు ఉదయం చూశారు. అవే చేతులు, అదే చదువు, గోడమీద కాగితం ఒక్కటే మారింది. ఆ రాష్ట్రంలో కొత్త డీఓలకు లైసెన్సులు ఆగిపోయి, 1974లో న్యాయస్థానం తీర్పు తరువాతే మళ్ళీ మొదలయ్యాయి. ఆసుపత్రుల్లో చోటు లేక, తోటివాళ్ళ చిన్నచూపుతో నలిగిన ఆ తరంవాళ్ళను నిందించడానికి నాకు నోరు రాదు. కానీ నీవు ఆలోచించు. 65 డాలర్లకు మారే అక్షరాలను చూసి పొంగిపోవడం ఎంత అవివేకమో, కుంగిపోవడమూ అంతే అవివేకం.

తెలుగింటి బిడ్డవైతే నీకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. గాంధీ పిలుపు విని ఖద్దరు కట్టినందుకు శస్త్రవైద్య ఆచార్యుడి ఆగ్రహానికి గురయ్యాడు. ఎంబీబీఎస్ రావలసిన చోట అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డాడు. మద్రాసులోనే ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, తరువాత బోస్టన్ చేరాడు. పొట్టకోసం ఆసుపత్రిలో చిన్న కొలువు చేస్తూ హార్వర్డ్‌లో పరిశోధన సాగించాడు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల ఆవిష్కరణలో భాగస్వామి అయినా ఆ విశ్వవిద్యాలయం ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళాడు. బోదకాలు నివారణకు మన ఊళ్ళలో ఈనాటికీ పంచే డీఈసీ మాత్ర అక్కడి ఆయన బృందం కృషే. ఫోలిక్ ఆమ్లం తయారీ, దానినుంచి వచ్చిన మెథోట్రెక్సేట్ కూడా అంతే. రేపు నీవు చర్మవైద్యుడివై సోరియాసిస్ రోగికి మెథోట్రెక్సేట్ రాస్తే, తక్కువ పట్టా పుచ్చుకున్న ఒక మనిషి శ్రమను చీటీ మీద రాస్తున్నావని తెలుసుకో. ఆయనకు అన్యాయం జరిగింది, అది అన్యాయమే. ఆయన ఆ అన్యాయాన్ని లెక్కవేస్తూ కూర్చోలేదు.

ఇక నీ కర్తవ్యం. డీఓ కళాశాలల్లో చాలావాటికి సొంత బోధనాసుపత్రి లేదు. మూడో ఏడూ నాలుగో ఏడూ వేర్వేరు ఊళ్ళ ఆసుపత్రుల్లో గడుస్తాయి. న్యూరోసర్జరీ విభాగమే చూడకుండా న్యూరోసర్జన్ కావాలనుకునే స్థితి నీది. పరిశోధన చేయించే గురువును నీవే వెతుక్కోవాలి, సిఫారసు లేఖ రాయగల పెద్దల దగ్గరికి నీవే నడిచి వెళ్ళాలి. పరీక్షలు కూడా జంటగా ఉన్నాయి. పట్టా కోసం డీఓల పరీక్ష కామ్‌లెక్స్ తప్పదు. కామ్‌లెక్స్ అంకెలు చదవడం అలవాటులేని ప్రోగ్రామ్ డైరెక్టర్ల కోసం ఎండీల పరీక్ష యూఎస్‌ఎంఎల్‌ఈ కూడా రాస్తావు. 2022 నుంచి రెండిట్లోనూ మొదటి అంచెకు అంకె లేదు, ఉత్తీర్ణత మాత్రమే. అందువల్ల భారమంతా రెండో అంచె మీద పడింది. ఈ అదనపు బరువు అన్యాయంగా తోస్తుంది, కొంత అన్యాయమే కూడా. కానీ చదివినది వృథా పోదు. రెండుసార్లు చదివిన గుండెజబ్బు పాఠం రోగికి రెండింతలు ఉపయోగపడుతుంది. మూడో ఏడు మొదటినుంచే పథకం వేసుకో. ఆర్థోపెడిక్స్‌కు దరఖాస్తు చేసేవారికి, ఫలానా చోటు మీద ఆసక్తి ఉందని తెలిపే సిగ్నల్స్ 30 ఉంటాయి. వాటిని పేరు మోసిన చోట్లకే ధారపోయకు. ఇదివరకు డీఓలకు శిక్షణ ఇచ్చిన చోట్లు ఏవో విచారించి, అక్కడి పెద్దలతో మాట్లాడి ఇవ్వు. అక్కడ అడగడం చిన్నతనం కాదు, మర్యాద.

ఇంతవరకూ చెప్పింది ఎవరైనా చెప్పగలరు. నా అసలు భయం వేరే ఉంది. ఇరుకు ద్వారం దగ్గర మనిషి శ్రమకు జడిసేది తక్కువ, సత్యాన్ని వదిలేసేది ఎక్కువ.

పరిశోధన లెక్కనే చూడు. పోటీ ఎక్కువైన విభాగాల్లో దరఖాస్తుదారులు పెట్టే ప్రచురణలు, పోస్టర్లు, ఉపన్యాసాల సంఖ్య ఏటికేడు పెరుగుతోంది. ఒకే రోగి కథ సారాంశంగా ఒకసారి, పోస్టర్‌గా ఒకసారి, వ్యాసంగా ఒకసారి మూడు లెక్కలవుతుంది. అంతవరకు ఆచారం ఒప్పుకుంటుంది. ఆ తరువాతి మెట్టు జారుడుది. చదవని వ్యాసానికి పేరు తగిలించుకోవడం, పంపని దాన్ని ‘పరిశీలనలో ఉంది’ అని రాయడం, స్నేహితుడికి నీ వ్యాసంలో చోటిచ్చి అతని వ్యాసంలో చోటు పుచ్చుకోవడం అక్కడే మొదలవుతాయి. ‘అందరూ చేస్తున్నారు’ అంటావు. రేపు ఆపరేషన్ బల్ల దగ్గర రక్తస్రావం ఎంతైందో రాయవలసినప్పుడు, ఏ పొరపాటు ఎవరివల్ల జరిగిందో చెప్పవలసినప్పుడు, ఆ చేయే రాయాలి, ఆ నోరే చెప్పాలి. దరఖాస్తులో పెంచి రాయడం నేర్చిన చేయి రోగి చీటీలో తగ్గించి రాయడం ఎంతసేపట్లో నేర్చుకుంటుంది?

ఇంటర్వ్యూల తరువాత రాసే లేఖల సంగతి మరీ దారుణం. ‘మీ ప్రోగ్రామే నా ర్యాంక్ లిస్ట్‌లో మొదటిది’ అని ఒక చోటుకు రాయడం తప్పు కాదు, అది నిజమైతే. అదే వాక్యం మూడు చోట్లకు పంపేవాళ్ళున్నారు. పట్టుబడే అవకాశం తక్కువ. జాబితా ఎలా పెట్టావో చెప్పమని ప్రోగ్రామ్‌లు నిన్ను నిలదీయకూడదని మ్యాచ్ నియమమే ఉంది. కాబట్టి ఈ అబద్ధానికి ఎవరూ నిన్ను బలవంతపెట్టలేదు, నీ అంతట నీవే ఆడావు. తెల్లకోటు వేసుకున్న మొదటి రోజు చేతులెత్తి ప్రమాణం చేసినవాడు, ఉద్యోగం కోసం ముగ్గురు పెద్దలకు ఒకే మాట ఇచ్చి ఇద్దరిని మోసగించాడంటే, ఆ ప్రమాణానికి విలువ ఏమిటి? రాయదలిస్తే ఒక్కరికే రాయి. నిశ్చయం కుదరకపోతే కృతజ్ఞత మాత్రం రాసి ఊరుకో. అవతలివాళ్ళు నీకు తీపిమాటలు రాసినా వాటిని ఒప్పందమని నమ్మకు. అదీ మనుషుల బలహీనతే.

విచిత్రం చూడు, ఈ మ్యాచ్ యంత్రాంగమే సత్యవంతుడికి అనుకూలంగా కట్టింది. 1952 నుంచి నడుస్తున్న ఈ పద్ధతిని 1998లో ఆల్విన్ రోత్, ఇలియట్ పెరాన్సన్ తిరగరాశారు. అభ్యర్థి కోరిక క్రమాన్ని ముందు పెట్టి గణన సాగేటట్టు మార్చారు. ఈ రంగంలోని కృషికే రోత్‌కు 2012లో లాయిడ్ షాప్లేతో కలిపి అర్థశాస్త్రపు నోబెల్ వచ్చింది. ఆ గణితం చెప్పేది ఇంతే: నీవు నిజంగా ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నావో ఆ వరుసలోనే జాబితా పెట్టు. ‘నాకు అంత దక్కదులే’ అని మొదటి కోరికను కింద దాచినందువల్ల లాభం లేదు, పైన రాసినందువల్ల కిందివి చేజారిపోవు. లోకంలో అబద్ధానికి ప్రతిఫలం లేకుండా కట్టిన వ్యవహారాలు అరుదు. వాటిలో ఒకదాని ముందు నిలబడి కూడా తెలివితేటలు ప్రదర్శించబోతే మనిషి బుద్ధికి ఏం చెప్పాలి!

ఎవే రొటేషన్ అనే నాలుగు వారాల పరీక్ష సంగతి చెప్పి ముందుకు పోతాను. పరాయి ఆసుపత్రిలో, నిన్ను ఎరగనివాళ్ళ మధ్య, తెల్లవారుజామునే లేచి రోగులను చూసి, అటెండింగ్, అంటే పెద్ద డాక్టరు, అడిగిన ప్రశ్నకు నిలబడి జవాబు చెప్పాలి. అక్కడ నీ పక్కన ఇంకో విద్యార్థి ఉంటాడు, అదే స్థానం కోరుతూ. అతను తడబడితే లోపల సంతోషం కలుగుతుంది. అది సహజం, కానీ దాన్ని పెంచి పోషించకు. అతనికి తెలియని రోగి వివరం నీకు తెలిస్తే ముందుగానే చెప్పు. అటెండింగ్ ముందు చెప్పి మెప్పు కొట్టేయకు. నర్సును, గది ఊడ్చే మనిషిని, టెక్నీషియన్‌ను పేరు పెట్టి పలకరించు. వాళ్ళ మాట కూడా నీ ఎంపికలో పడుతుందని కాదు, పడినా పడకపోయినా. చరకుడు వైద్యుడికి నాలుగు గుణాలు చెప్పాడు: శాస్త్రంలో నిర్మలమైన జ్ఞానం, కర్మను అనేకమార్లు కళ్ళారా చూసిన అనుభవం, దక్షత, శుచి. ఎక్కడ చదివాడన్నది ఆ లెక్కలో లేదు. ఆ నాలుగూ నాలుగు వారాల్లో ఎదుటివారికి కనిపిస్తాయి. నటన అయితే రెండో వారానికే బయటపడుతుంది.

ఇంటర్వ్యూలో ఆస్టియోపతిలో భాగమైన నీ చేతివైద్యం గురించి అడుగుతారు. సుమారు 200 గంటలు నేర్చుకున్న విద్య అది. కొందరు దాన్ని తప్పులా దాచుకుంటారు, కొందరు అది సకల రోగాలకూ మందన్నట్టు మాట్లాడతారు. రెండూ అసత్యమే. నడుమునొప్పి మీద దానికి కొంత ఆధారం ఉంది. పుర్రె ఎముకల కదలికల పేరుతో చెప్పేవాటికి గట్టి ఆధారం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. శరీరాన్ని చేతులతో తాకి తెలుసుకోవడం అలవాటైనవాడు ఏ విభాగంలోనైనా అక్కరకొస్తాడు. అంతమాత్రం తలెత్తుకుని చెప్పవచ్చు.

తల్లిదండ్రులారా, మీకూ ఒక మాట. బిడ్డ నాలుగేళ్ళు కష్టపడి చదివిన పట్టాను విందుల్లో గొంతు తగ్గించి చెప్పకండి. మన దేశంలో ఎండీ అంటే ఎంబీబీఎస్ తరువాతి పైచదువు. అక్కడి అక్షరాలను ఇక్కడి అక్షరాలతో పోల్చి బంధువులు అడిగే ప్రశ్నలకు మీరే జవాబు చెప్పండి, బిడ్డతో చెప్పించకండి. నీట్ పీజీలో రేడియాలజీ, డెర్మటాలజీ సీట్లకు ఎగబడే ఊళ్ళనుంచి వచ్చాం కాబట్టి, అదే వరుసక్రమాన్ని బిడ్డ నెత్తిన పెడుతున్నాం. అమెరికాలోని డీఓల్లో సగానికి పైగా ప్రాథమిక వైద్యంలో ఉన్నారు. స్పెషలిస్టు దొరకని పల్లెల్లో ఎంతోమంది ప్రాణాలు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. మీ బిడ్డ ఆ దారి కోరుకుంటే దాన్ని ఓటమి అనకండి. కష్టమైన దారి కోరుకుంటే ఆశీర్వదించండి. మార్చిలో ఫలితం తలకిందులైతే, ఆ రాత్రి మొదటి మాటగా ‘ముందే చెప్పానుగా’ అనకండి.

బిడ్డా, ఆ దినం గురించి కూడా సిద్ధపడి ఉండు. మార్చిలో మ్యాచ్ వారం సోమవారం ఉదయాన స్థానం దొరికిందా లేదా అన్నదొక్కటే తెలుస్తుంది. ఎక్కడ అన్నది శుక్రవారం. లేదని తెలిసినవాళ్ళకు ఏడవడానికి కూడా వ్యవధి లేదు. మిగిలిన స్థానాలకు ఆ వారంలోనే, సోప్ అనే అనుబంధ పద్ధతి ద్వారా దరఖాస్తు చేయాలి. ఆ సోమవారం ఏం చేస్తావో దసరాల నాడే కూర్చుని రాసిపెట్టుకో. ఇంకో విభాగానికి కూడా ముందునుంచే దరఖాస్తు పెడతావా, ఒక ఏడు పరిశోధనలో గడిపి మళ్ళీ వస్తావా, ఒక ఏడాది ప్రిలిమినరీ స్థానం తీసుకుంటావా? ప్రశాంతంగా ఉన్నప్పుడు తీసుకున్న నిర్ణయం కలతలో ఉన్న నిన్ను కాపాడుతుంది. రెండో విభాగానికి పెడితే దాన్ని మనస్ఫూర్తిగా పెట్టు. మ్యాచ్ ఫలితం ఇరుపక్షాలనూ కట్టివేసే ఒప్పందం. వెళ్ళే ఉద్దేశం లేని చోటు జాబితాలో రాస్తే, అక్కడికి రావాలని ప్రాణం పెట్టుకున్న మరో బిడ్డ స్థానం తీసుకున్నట్టే.

సెప్టెంబరులో దరఖాస్తు పంపే ముందు ఒక రాత్రి ఒంటరిగా కూర్చుని దాన్ని మొదటినుంచి చివరిదాకా చదువు. ప్రతి పంక్తి దగ్గరా ఆగి, ‘దీని గురించి ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు అడిగితే చెప్పగలనా?’ అని ప్రశ్నించుకో. చెప్పలేనిది ఉంటే కొట్టెయ్యి. అలా కొట్టేయగా మిగిలిన కాగితం ఎంత చిన్నదైనా, దాన్నే పంపు.